పన్నెండు ఇరవై రెండు

మా హైదరాబాదులో సూర్యుడు ఏడాదికి రెండే రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మే తొమ్మిది ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మూడు ప్రాంతంలో ఇంకోసారి. ఆ రెండు రోజుల్లో కాసేపు, నిటారుగా నిలబెట్టిన దేనికీ నీడ ఉండదు. మిగతా రోజుల్లో "మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు" అని రాసేవాళ్లంతా అబద్ధాలకోరులే. నా క్లాసులో ఎవరైనా అలా రాస్తే అర మార్కు కోసేస్తాను. పిల్లలు తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

ఈ రెండు రోజులతో బడికి ఒక పేచీ ఉంది. మేలో ఎండ ఉంటుంది, పిల్లలుండరు. ఆగస్టులో పిల్లలుంటారు, ఎండ ఉండదు. పద్దెనిమిదేళ్లుగా సైన్సు చెబుతున్నాను. ప్రతి ఆగస్టులో ఎనిమిదో తరగతిని డాబా మీదికి తోలుకెళ్తాను. నాలుగంటే నాలుగుసార్లు ఎండ కాసింది. మిగతా ఏళ్లన్నీ మబ్బుల కింద నిలబడి, "నీడ లేదు టీచర్, నీడ లేదు!" అని అరిచే పిల్లల్ని చూసి పళ్లు నూరుకోవడమే. మబ్బు పట్టినప్పుడు నీడ లేకపోవడం గొప్పేంటి, గాడిదల్లారా!

మా బడి పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వెళ్లే దారిలో, లోపలి సందులో ఉంది. చర్చివాళ్ల ట్రస్టు నడిపే రెండంతస్తుల బడి. నేను చదువుకునే రోజుల్లో డాబా మీద నిలబడితే సూర్యుడు బంజారా హిల్స్ రాళ్ల వెనక్కి దిగడం కనిపించేది. ఇప్పుడు తూర్పున హాస్టలు, పడమర కోచింగ్ సెంటరు. దాని గోడ నిండా నెల రోజుల్లో ఉద్యోగం ఇప్పిస్తామనే బోర్డులు. పొద్దున పదవుతుండగా గానీ మా డాబా మీదికి ఎండ రాదు, మూడింటికల్లా పోతుంది. మాకు మిగిలింది నెత్తి మీద ఉన్న ఆకాశం ముక్క ఒక్కటే. దాన్ని మాత్రం ఏ బిల్డరూ ఇంతవరకు మూయలేకపోయాడు.

వచ్చే జూన్ నుంచి అది కూడా మాకుండదు. బడిని మేడ్చల్ వైపు తీసుకుపోతున్నారు. ఈ డాబా మీద ఇదే ఆఖరి ఆగస్టు. హెడ్మాస్టరు ఆ మాట చెప్పగానే నాకు ఏసోబు సారు గుర్తొచ్చారు. గుర్తొచ్చారనడం కూడా అబద్ధమే. ఆయన గుర్తుకురాని ఆగస్టు నా బతుకులో ఒక్కటీ లేదు.

ముప్పై ఏళ్ల కిందట నేను ఇదే బడిలో ఎనిమిదో తరగతి. ఏసోబు సారు మాకు సైన్సు చెప్పేవారు. పుస్తకంలో ఆకాశం పాఠం అన్నిటికంటే చివర ఉండేది. పరీక్షల ముందు గబగబా చదివించి వదిలేసే పాఠం అది. సారు దాన్ని జూన్‌లో మొదలుపెట్టి ఏడాదంతా నడిపేవారు. పాత పెయింటు డబ్బాలో సిమెంటు పోసి, అందులో ఇనుప పైపు నిలబెట్టి డాబా మీద పెట్టారు. వారానికోసారి మధ్యాహ్నం దాని నీడ కొలవాలి. పైపు ఒరిగిందో లేదో చూసుకోవడానికి దారానికి నట్టు కట్టి పక్కన వేలాడదీయాలి. ఆ దారం పట్టుకునే పని నాది. ఇంకెవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. వారం వారం నీడ పొట్టిదవుతుంటే, నేనే దాన్ని దారంతో లాగి చిన్నది చేస్తున్నానని గర్వం నాకు.

ఆ ఏడు ఆగస్టు మూడున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. సారు మొహం వెలిగిపోయింది. పదకొండున్నరకే నలభై మందిమీ డాబా మీద ఉన్నాం. అప్పుడే సారు నా చేతిలోని దారం తీసి విజయేందర్ చేతికిచ్చారు.

"యూనిస్, నువ్వు మంచిగ ఉరుకుతవు గదా, కిందికి పోయి పోచయ్యకు చెప్పిరా. ఇయ్యాల అన్నం బెల్లు పన్నెండు ఇరవైకి కాదు, పన్నెండున్నరకు కొట్టమను," అన్నారు.

పోచయ్య మా బడి అటెండరు. వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టడం ఆయన పని. ఆ ముక్క కింద ఆయన స్టూలు. గంటకూ గంటకూ మధ్య అక్కడే కూర్చుని మా పెన్నులు బాగుచేసేవాడు, చెప్పులు తెగితే పిన్నీసు పెట్టేవాడు.

నేను కిందికి వెళ్లాను. కుళాయి దగ్గర నీళ్లు తాగాను. జూన్ నుంచి దారం పట్టింది నేను, అసలు రోజున పట్టేది విజయేందరా? పోచయ్య పది గజాల దూరంలో ఎవరిదో పెన్నులోంచి నిబ్బు లాగుతున్నాడు. నేను చెప్పలేదు. మూతి తుడుచుకుని పైకెళ్లిపోయాను.

"చెప్పినవా?" అన్నారు సారు.

"చెప్పిన సార్."

పన్నెండయింది. నీడ ఇంకా బెత్తెడుంది. "ఇంకా ఉంది సార్!" అని అందరూ గోలపెట్టారు. సారు నవ్వారు. "గడియారంల పన్నెండు కాకినాడోళ్లదిరా. దేశానికంతా టైం ఆ దిక్కు నుంచి పోయే గీత మీద పెట్టిన్రు. మనం పడమరకున్నం, సూర్యుడు మన తానికి వచ్చేసరికి పావుగంట దాటుతది. ఇంకింత ఆయన నడకల తేడా. పన్నెండు ఇరవై రెండుకు చూడుండ్రి, మాయమైతది."

నీడ మూడు వేళ్లయింది, రెండు వేళ్లయింది, వేలెడయింది. అప్పుడు కింద గంట మోగింది. పన్నెండు ఇరవై.

ఆకలి మీదున్న పిల్లలకు గంట వినిపించాక సూర్యుడెవరు, చంద్రుడెవరు? నలభై మందీ మెట్ల మీద పడ్డారు. విజయేందర్ దారం కింద పారేసి అందరికంటే ముందు పరిగెత్తాడు. "ఆగుండ్రిరా! రెండే నిమిషాలు! ఆగుండ్రి!" అని సారు అరుస్తూనే ఉన్నారు. నేను కూడా ఆగలేదు. ఆగితే సారు మొహం చూడాలి కదా.

కాసేపటికి సారు కిందికి దిగారు. చేతిలో దారం, దానికి నట్టు వేలాడుతోంది. కోపం ఎరగని మనిషి, అంతమంది పిల్లల ముందు పోచయ్య మీద విరుచుకుపడ్డారు. "నీకు బుద్ధున్నదా? చెప్పి పంపితిని గదా! ఏడాదికొక్క దినం! నీకు గంట కొట్టుడొక్కటే ఎరుక, తెలివి లేదు."

పోచయ్య అయోమయంగా చూశాడు. తర్వాత ఆయన చూపు నా మీదికి వచ్చింది. నేను టిఫిను డబ్బా మూత పట్టుకుని నిలబడి ఉన్నాను. అది నా చేతిలో వణుకుతోంది. ఒక్క క్షణం చూసి, ఆయన సారు వైపు తిరిగాడు.

"మర్సిపోయిన సార్. తప్పైంది."

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ రోజు నుంచి సారు పోచయ్యకు నోటిమాట పంపడం మానేశారు. ఏ చిన్న పనైనా చీటీ రాసి, కింద సంతకం పెట్టి పంపేవారు. పోచయ్యకు చదువు రాదని సారుకు తెలియదు. పోచయ్య చెప్పుకోలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మా క్లాసు కిటికీ దగ్గరికి వచ్చి, నన్నే పిలిచేవాడు. "జర చదువు బిడ్డా, సారు ఏం రాసిండో." ఆ ఏడాదంతా, తర్వాత తొమ్మిదో తరగతిలో, పదో తరగతిలో, ఆ చీటీలన్నీ నేనే చదివాను. దేవుడు శిక్ష వేయాలనుకుంటే బెత్తం అక్కర్లేదని నాకు అప్పుడే అర్థమైంది.

హెడ్మాస్టరు బడి తరలింపు మాట చెప్పాక వచ్చిన ఆదివారమే, చర్చి అయ్యాక ఎర్రమంజిల్ క్వార్టర్స్ వెనక సందులో ఉన్న సారు ఇంటికి వెళ్లాను. డెబ్బై ఏడేళ్లు. మోకాళ్లు సహకరించడం లేదు గానీ కళ్లల్లో అదే వెలుగు.

"వందనాలు సార్. ఆగస్టు మూడున మీరు రావాలె. మా పిల్లలకు మీరే చూపించాలె," అన్నాను.

"వస్తనమ్మా! మబ్బు పట్టినా వస్త. నీకు యాదికున్నదా, మీ బ్యాచుల ఆకాశం ఎంత మంచిగుండెనో! పోచయ్య బెల్లు కొట్టి ఆగమాగం జేసిండు గానీ..." అని నవ్వారు.

ఆ నవ్వు చూశాక ఇంక నా వల్ల కాలేదు. మొత్తం చెప్పేశాను. దారం, కుళాయి, చెప్పిన సార్ అన్న అబద్ధం, చీటీలు, కిటికీ. నలభై మూడేళ్ల ఆడదాన్ని, పిల్లల్ని గడగడలాడించే టీచర్ని, ఎనిమిదో తరగతి పిల్లలా ముక్కు చీదుకుంటూ చెప్పాను.

సారు నన్ను ఓదార్చలేదు. ఓదారుస్తారనుకున్నాను, నిజం చెప్పొద్దూ.

"చదువు రాదా ఆయనకు?"

"రాదు సార్."

"నేను పదకొండేండ్లు రాసిన్నమ్మా చీటీలు. రిటైరయ్యేదాంక రాసిన." "నాకెందుకు చెప్తున్నవ్? నాకు జరిగిన నష్టమేంది, నేను ఆ నీడ పోవుడు చూసిన. పోయి ఆయనకు చెప్పు. పోచయ్య వస్తేనే నేనొస్త. లేకుంటే నాకు ఆ బడి గడప తొక్కే మొహం లేదు."

పోచయ్య ఎక్కడున్నాడో వెతకాల్సిన పని లేదు. ఎస్.ఆర్. నగర్‌లో మా ఇంటికి వెళ్లే దారిలోనే, బడి కొలువు మానేశాక ఒక బాయ్స్ హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్. ఆరేళ్లుగా రోజూ చూస్తున్నాను. "మంచిదా టీచరమ్మా" అంటాడు, నేను తలూపి నడక వేగం పెంచుతాను. ఆ సాయంత్రం ఆగాను. ఆయన నీలం చొక్కా వేసుకుని, ఎవరో కుర్రాడి బ్యాగు జిప్పు సరిచేస్తున్నాడు. బాగుచేసే బుద్ధి మాత్రం పోలేదు.

నేను నోరు తెరిచి సగం చెప్పానో లేదో, ఆయన చెయ్యెత్తాడు.

"గా ముచ్చటేనా? నాకెరుక. మూత గజగజ వణికె గదా నీ చేతిల."

"మరి సారుకెందుకు చెప్పలేదు పోచయ్యన్నా?"

"చెప్తే నిన్ను కొడుతుండె. ఆడపిల్లవి, అందరి ముందట. నాదేంది, తిట్లు వడ్డా తెల్లారి మర్సిపోత." జిప్పు ఒకసారి లాగి చూసి బ్యాగు పక్కన పెట్టాడు. "తిట్లది ఫికర్ లేకుండె బిడ్డా. చీటీలదే. నోటితోని చెప్తే నేను మర్సిపోత అనుకున్నడు సారు. ఒక్కనాడు సుత నేను బెల్లు మర్సిపోలే."

టీచరమ్మా అనే ఆయన మళ్లీ బిడ్డా అన్నాడు. దాంతో నాకు ఇంకా కష్టమైంది. సారు మాట చెప్పాను, మూడో తారీఖున రమ్మన్నాను.

"నేనొచ్చి ఏం జేస్త? నేనెన్నడు బంగ్ల మీదికి రాలే. మీరందరు పైన సూసేటోళ్లు. నేను కూడ పైకొస్తే గంట కాడ ఎవలుంటరు?"

అప్పుడు తట్టింది నాకు. ప్రతి ఆగస్టులో ఆ నిమిషాన్ని కాపాడాల్సింది కింద ఉన్న ఈ మనిషే. పిల్లలందరికంటే ఎక్కువసార్లు ఆ రోజు బడిలో ఉన్నవాడు. ఆ వింత ఒక్కసారీ చూడనివాడు.

"డ్యూటీ ఉంటది. జూస్త," అన్నాడు. అంతకు మించి మాట ఇవ్వలేదు.

మూడో తారీఖు సోమవారం. పొద్దున్నే ముసురు. నేను బస్సులో కూర్చుని దేవుడితో గొడవపడుతూ వెళ్లాను. ముప్పై ఏళ్ల తప్పు దిద్దుకుందామంటే ఈ మబ్బేంటి ప్రభువా, నీకు వేరే రోజు దొరకలేదా! బడికి వెళ్లి ముందు కరెంటు బెల్లు స్విచ్చి కట్టేయించాను. అది దానంతటదే పన్నెండు ఇరవైకి మోగుతుంది, నాలాగే ఎవరి మాటా వినదు. రైలుపట్టా ముక్క ఇంకా దూలానికే ఉంది. తుప్పు తుడిపించాను. కడ్డీ దొరికింది. స్టూలు కూడా వేయించాను.

పదకొండున్నరకు సారు ఆటోలో దిగారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. "పోచయ్య యాడ?" అన్నది మొదటి మాట. రాలేదన్నాను. సారు పైకి రానన్నారు. వరండాలో స్టూలు మీద, ఆ పట్టా ముక్క కింద కూర్చున్నారు. నేను పిల్లల్ని డాబా మీదికి పంపి, పైకీ కిందికీ తిరుగుతూ ఉన్నాను. పన్నెండయింది. పన్నెండు పదయింది. పైన మబ్బు. గేటు దగ్గర ఎవరూ లేరు. పైనుంచి హైందవి అనే పిల్ల, క్లాసు లీడరు, పిట్టగోడ మీదుగా తొంగిచూసి, "టీచర్, నీడ లేదు! అప్పుడే అయిపోయింది!" అని అరిచింది.

పన్నెండు పన్నెండుకు పోచయ్య వచ్చాడు. వాచ్‌మన్ చొక్కాలోనే, చెమటలు కక్కుతూ. పక్క హాస్టల్ మనిషిని గంటసేపు గేటు దగ్గర కూర్చోబెట్టి, ఎస్.ఆర్. నగర్ నుంచి నడిచి వచ్చాడట.

సారు స్టూలు మీంచి లేచారు. గోడ పట్టుకుని లేచారు. "పోచయ్యా," అన్నారు. తర్వాతి మాట రాలేదు.

పోచయ్యే అందుకున్నాడు. "ఎండొచ్చేటట్టున్నది సార్. పైకి నడువుండ్రి, నేనుంట గంట కాడ." చెయ్యి అప్పుడే కడ్డీ మీదికి పోయింది.

సారు ఆ కడ్డీ తీసుకున్నారు. "నువ్వు పో పైకి. ఇయ్యాల గంట నాది."

"మీకేం వస్తది సార్, గంట కొట్టుడు?"

"పన్నెండున్నరకు కొట్టాలె. గంతే గదా."

పోచయ్య సారుని ఎగాదిగా చూశాడు. మీసం కింద మెల్లగా నవ్వు మొదలైంది. "మర్సిపోతరేమో. చీటీ రాయించియ్యాల్నా?"

సారు పకపకా నవ్వారు. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పో. టైమైతున్నది," అన్నారు.

మేము డాబా ఎక్కేసరికి పన్నెండు పదిహేడు. పోచయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎక్కాడు. పిల్లలు పైపు చుట్టూ నిలబడి ఉన్నారు. అదే పెయింటు డబ్బా, పైపు మాత్రం రెండోది. దారం తెచ్చి పోచయ్య చేతికిచ్చాను. "ఇది పట్టుకోవాలె అన్నా. నట్టు ఊగొద్దు." ఆయన ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు.

పన్నెండు పంతొమ్మిదికి మబ్బు చీలింది. ఎండ డాబా మీద దబ్బున పడింది. పైపు మొదట్లో వేలెడు నీడ అమీర్‌పేట వైపు. తూర్పు పక్క హాస్టల్ నుంచి తాలింపు వాసన వస్తోంది, అందరికీ ఆకలి. ఇరవై అయింది. నేను మెట్ల వైపు చూశాను, ముప్పై ఏళ్ల అలవాటు. గంట మోగలేదు. ఇరవై ఒకటి. నీడ గోరంత. ఇరవై రెండు.

పోయింది. పైపు ఉంది, ఎండ ఉంది, నీడ లేదు. పిల్లలు ఒకరినొకరు చూసుకుని, తమ కాళ్ల వైపు చూసుకుని, గంతులేశారు. పోచయ్య కదల్లేదు. పైపును చూశాడు, దారాన్ని చూశాడు, తర్వాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఒక కాలు లేపాడు. దాని కింద నీడ. దించాడు. లేదు.

"కాళ్ల కిందికే వొచ్చిందా బిడ్డా?"

"అవునన్నా."

"ఇన్నేండ్లు ఇదా మీరు సూసేది," అన్నాడు. ఇంకోసారి కాలు లేపి చూసుకున్నాడు.

పన్నెండు ఇరవై ఐదుకు మబ్బు మళ్లీ కప్పేసింది. అయినా ఒక్కరూ కిందికి పోలేదు, గంట కాలేదు కదా. సరిగ్గా పన్నెండున్నరకు కింద గంట మోగింది. అన్నం బెల్లుకు నాలుగు దెబ్బలు. సారు ఏడు కొట్టారు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, ఒకటి పట్టాకు తగలనే లేదు. పోచయ్య పగలబడి నవ్వాడు. "టైముకు కొట్టిండు గానీ, కొట్టుడు రాలే."

పిల్లలు మెట్ల మీద పడ్డారు. ఆయన వెనకే మెల్లగా దిగాడు. నేను పైపు, దారం సర్ది కిందికి వచ్చేసరికి సారు ఆటో ఎక్కేశారు. నన్ను చూసి చెయ్యి ఊపారు, ఆగలేదు. పోచయ్య వరండాలో స్టూలు పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో మడత పెట్టిన కాగితం.

"సారు మళ్ల చీటీ రాసిండు. మనం పైనున్నప్పుడు రాసినట్టున్నడు." నా ముందుకు చాపాడు. "జర చదువు బిడ్డా."

అదే గుండ్రటి రాత, కొంచెం వణికింది. చదివాను.

"పోచయ్య గారికి. గంట పన్నెండున్నరకే కొట్టాను. మీరు ఏనాడూ మరిచిపోలేదు. తప్పు నాది. ఏసోబు."

కింద సంతకం ఉంది. పోచయ్య కాగితం వైపు చూస్తూ ఉన్నాడు, అక్షరాల్ని కళ్లతో తడుముతున్నట్టు. వరండాలో పిల్లలు టిఫిను డబ్బాలు తెరుస్తున్నారు.

"మల్లొక్కసారి చదువు," అన్నాడు.

చదివాను.